హెడ్డు ఒక బండిది, బ్లాకు వేరొక బండిది

ఒక ఇంజన్ నుంచి తీసిన సిలిండర్ హెడ్డును (సిలిండర్లకు పైన మూతగా, వాల్వులతో ఉండే భాగం) అదే కుటుంబానికి చెందిన మరో చిన్నకారు బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజన్ మొండెం) మీద బిగించవచ్చా అన్న సందేహంతో ఈ నెల అనేక ఉత్తరాలు వచ్చాయి. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ విషయానికే కేటాయించి, ఒకే రకమైన ప్రశ్నలను కలిపి ఐదింటికి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. ఉద్యోగరీత్యా బర్మింగ్‌హామ్‌లో స్థిరపడ్డాను. ఇక్కడి లాంగ్‌బ్రిడ్జ్ కర్మాగారంలో 1970ల మొదట్లో తయారైన 998 సీసీ పాత మినీ కారు నా దగ్గర ఉంది. 1275 సీసీ ఇంజన్ నుంచి తీసిన హెడ్డును ఒక మిత్రుడు ఇచ్చాడు. దాని పోత మీద 12జి940 అన్న అంకె ఉంది. నా బ్లాకు స్టడ్ల (హెడ్డును పట్టి ఉంచే నిలువు బోల్టులు) మీద అది చక్కగా కూర్చుంటున్నది, మానిఫోల్డు (గాలి, పొగ పైపుల అమరిక) కూడా సరిపోతున్నది. నేరుగా బిగించి నడపవచ్చునా?

జవాబు: బిగించవచ్చు కాని నేరుగా కాదు. స్టడ్లు సరిపోయాయి కదా అని హెడ్డు బిగించి స్టార్టరు తిప్పితే, కాలిన పొగను బయటికి వదిలే ఎగ్జాస్టు వాల్వులు తెరుచుకునేటప్పుడు వాటి అంచులు బ్లాకు పైముఖానికి తగులుతాయి. వాల్వు వంగడమో, దానిని కదిలించే పుష్‌రాడ్ వంగడమో మొదటి చుట్టులోనే జరిగిపోవచ్చును.

మీ కారులో ఉన్నది 1951లో ఆస్టిన్ ఎ30 కారు కోసం 803 సీసీతో మొదలైన ఎ-సిరీస్ ఇంజన్. 1959లో తొలి మినీకి 848 సీసీగానూ, తరువాత 998, 1098, 1275 సీసీలుగానూ పెరిగిన ఈ ఇంజన్ దాదాపు అర్ధశతాబ్దం పాటు తయారైంది. అన్నేళ్ళూ హెడ్డు స్టడ్ల అమరికనూ, ఐదు రంధ్రాల మానిఫోల్డు ముఖాన్నీ మూలరూపంలో అలాగే ఉంచారు కనుక ఒకదాని హెడ్డు ఇంకొకదాని మీద కూర్చోవడంలో వింత లేదు. కూపర్ ఎస్ (మినీలోనే వేగవంతమైన రకం) వంటి కొన్ని 1275 ఇంజన్లలో బిగింపులు 11 ఉంటాయి, మీ బ్లాకులో 9 మాత్రమే ఉంటాయి. మిగిలిన రెండు రంధ్రాలు ఖాళీగా ఉండిపోతాయి తప్ప అడ్డుపడవు.

అడ్డుపడేది బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం. మీ 998 బోరు 64.58 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 76.2. 1275 బోరు 70.61, స్ట్రోకు 81.28. రెండు బోర్ల వ్యాసాల మధ్య 6 మిల్లీమీటర్ల తేడా ఉన్నది, అంటే ప్రతి సిలిండరులోనూ గోడ 3 మిల్లీమీటర్లు లోపలికి ఉన్నట్టు. దీనికి తోడు, అంత పెద్ద బోర్లను పాత బ్లాకు పొడవులోనే ఇరికించడానికి 1275లో సిలిండర్ల కేంద్రాలను కూడా కొంత జరిపారు. కాబట్టి 12జి940 హెడ్డులో వాల్వులు మీ బోర్ల నడుమకు రావు. పైగా అందులోని ఎగ్జాస్టు వాల్వు తల 29.2 మిల్లీమీటర్లు, మీ పాత హెడ్డులోనిది 25.4 మాత్రమే. పెద్ద వాల్వు, చిన్న బోరు, జరిగిన కేంద్రం మూడూ కలిసినప్పుడు వాల్వు అంచు బోరు దాటి బ్లాకు మీదికి వస్తుంది.

దీనికి ఇంగ్లండులో దశాబ్దాలుగా చేస్తున్న మార్గం, ప్రతి ఎగ్జాస్టు వాల్వుకు ఎదురుగా బోరు పై అంచున నెలవంక ఆకారంలో బ్లాకును చెక్కి వాల్వుకు చోటు కల్పించడం. ఈ చెక్కుడు ఎంత లోతు ఉండాలన్నది మీ క్యామ్‌షాఫ్టు (వాల్వులను తెరిచే ఇరుసు) వాల్వును ఎంత ఎత్తుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. దానికి ఒక హద్దు ఉన్నది: పిస్టన్ పైకి వచ్చి ఆగినప్పుడు మొదటి రింగు ఎక్కడ నిలుస్తుందో ఆ గీత దాకా చెక్కుడు దిగకూడదు. దిగితే రింగు ఆ అంచు మీద ఎక్కి దిగుతూ కొద్దికాలంలోనే విరుగుతుంది. ఎక్కువ ఎత్తే క్యామ్ వేయాలనుకునే వారు ఈ హద్దు దగ్గరే ఆగిపోవలసి వస్తుంది.

హెడ్డుకూ బ్లాకుకూ మధ్య పరిచే గ్యాస్కెట్ విషయంలో కూడా జాగ్రత్త అవసరం. గ్యాస్కెట్‌లో ప్రతి సిలిండరు చుట్టూ ఉండే లోహపు రింగు కింద బ్లాకు ముఖం, పైన హెడ్డు ముఖం రెండూ పూర్తిగా ఆని ఉండాలి. మీరు చెక్కించిన గుంట మీదికి ఆ రింగు వేలాడితే మంట దానిని కొన్ని వందల కిలోమీటర్లలోనే కాల్చివేస్తుంది. గ్యాస్కెట్‌ను ముందుగా బ్లాకు మీద, తరువాత హెడ్డు మీద పరచి, బోర్లు, గుంటలు, నీటి రంధ్రాలు ఎక్కడెక్కడ వస్తున్నాయో పెన్సిలుతో గీసి చూసుకున్న తరువాతనే ఏ గ్యాస్కెట్ వాడాలో నిర్ణయించుకోండి. చెక్కవలసిన చోటును గుర్తించడానికి కూడా ఈ గీతలే పనికివస్తాయి.

ఇక కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ అడుగున ఉన్నప్పటి ఖాళీకీ, పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీకీ ఉన్న నిష్పత్తి. ఇందులోనే చాలామంది లెక్క తప్పుతారు, అందువల్ల కొంచెం వివరంగా చెబుతాను. 998ని నాలుగుతో భాగిస్తే ఒక్కొక్క సిలిండరుకు 249.5 సీసీ. మామూలు 998 మినీ ఇంజన్‌కు నిష్పత్తి 8.3. అంటే పిస్టన్ పైన ఆగినప్పుడు మిగిలి ఉండే ఖాళీ, 249.5ను నిష్పత్తిలో ఒకటి తగ్గించిన 7.3తో భాగించగా వచ్చే 34.2 సీసీ. ఈ 34.2లో హెడ్డులోని గది ఒక భాగం మాత్రమే. గ్యాస్కెట్ మందం, పిస్టన్ తలలోని పల్లం, పిస్టన్ బ్లాకు అంచుకు ఎంత దిగువన ఆగుతుందన్నది, ఇవన్నీ కలిసి మిగతా భాగమవుతాయి. మీ పాత హెడ్డు గది 26.1 సీసీ ఉన్నదనుకుందాం. 12జి940 గది కర్మాగారపు లెక్క ప్రకారం 21.4 సీసీ. అంటే పెద్ద ఇంజన్ హెడ్డులోని గదే చిన్నది. 4.7 సీసీ తగ్గడంతో మొత్తం ఖాళీ 29.5 అవుతుంది, నిష్పత్తి ఒక్కసారిగా 9.4 దాటుతుంది. బ్లాకులో చెక్కిన గుంట వల్ల సిలిండరుకు 1 సీసీ తిరిగి వస్తుందనుకుంటే 9.2 దగ్గర నిలుస్తుంది. అక్కడ దొరికే 95 ఆక్టేన్ పెట్రోలుకు ఇది ఇబ్బంది కలిగించే అంకె కాదు.

అయితే ఈ లెక్క అంతా హెడ్డును ఎవరూ ముట్టుకోలేదన్న భరోసా మీద నడుస్తున్నది. ముప్పయి నలభై ఏళ్ళలో ఆ హెడ్డును ఎందరు ఫేసింగ్ (ముఖాన్ని చదునుగా కోయడం) చేయించారో తెలియదు కనుక గదిని కొలవక తప్పదు. హెడ్డును తలకిందులుగా సమతలంలో పెట్టి, వాల్వులు, స్పార్క్ ప్లగ్గు బిగించి, గది చుట్టూ పలుచగా గ్రీజు రాసి, చిన్న రంధ్రం ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ పలకను దాని మీద అదిమి, పాఠశాల ప్రయోగశాలలో వాడే బ్యూరెట్‌తో రంగు కలిపిన పల్చటి నూనెను గాలిబుడగ మిగలకుండా నింపాలి. ఎన్ని సీసీలు పట్టిందో అదే గది పరిమాణం. నాలుగు గదులనూ కొలవండి. వాటి మధ్య అర సీసీకి మించి తేడా ఉంటే పెద్ద గదులకు సమానంగా చిన్న గదులను రుద్ది సరిచేయించాలి.

చివరి బిగింపుకు ముందు, పిస్టన్ మీదా, చెక్కిన గుంటలోనూ పిల్లలు ఆడుకునే మెత్తటి ప్లాస్టిసిన్ ముద్దలు పెట్టి, పాత గ్యాస్కెట్‌తో హెడ్డు బిగించి, ట్యాపెట్లు (వాల్వుల గ్యాపులు) సరిచేసి, ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. విప్పి, ముద్దలో పడిన పల్లం దగ్గర మిగిలిన మందాన్ని కొలిస్తే వాల్వుకు ఎంత చోటున్నదో తెలుస్తుంది. ఇన్లెట్ వైపు 1.5 నుంచి 2, ఎగ్జాస్టు వైపు 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల కంటె తక్కువ ఉంటే బిగించవద్దు. తిప్పేటప్పుడు ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయవద్దు.

శక్తి సంగతి. హెడ్డు మార్చి, పాత ఒకటింపావు అంగుళం ఎస్‌యూ కార్బురేటర్‌నూ, పాత సైలెన్సర్‌నూ అలాగే ఉంచితే శ్రమకు తగ్గ ఫలితం రాదు. ఒకటిన్నర అంగుళాల కార్బురేటర్, దానికి తగిన సూది, కొంత వెడల్పయిన ఎగ్జాస్టు, డిస్ట్రిబ్యూటర్ టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) సవరణ, ఇవన్నీ కలిసివస్తేనే పెద్ద వాల్వుల ప్రయోజనం కనబడుతుంది. హెడ్డు పాతదయితే సీసం లేని పెట్రోలుకు తట్టుకునే గట్టి ఎగ్జాస్టు సీట్లు వేశారో లేదో కూడా అడగండి. బ్రిటన్‌లో సీసం కలిపిన పెట్రోలు మామూలు అమ్మకం 1999 చివరితో ఆగిపోయింది.

ఇన్ని చెప్పిన తరువాత నా సలహా ఏమిటంటే, ఇంజన్‌ను పూర్తిగా విప్పే ఉద్దేశం లేకపోతే 12జి940ని పక్కన పెట్టండి. 1964 నుంచి వచ్చిన 998 కూపర్‌కు వేసిన 12జి295 హెడ్డు మీ బ్లాకుకు స్వభావరీత్యా సరిపోతుంది. దాని ఇన్లెట్ వాల్వు 30.9 మిల్లీమీటర్లు, ఎగ్జాస్టు వాల్వు మీ దాని వలెనే 25.4, బ్లాకు చెక్కవలసిన పని లేదు. దాని గది మాత్రం 28.3 సీసీ ఉండడం వల్ల అలాగే బిగిస్తే నిష్పత్తి 7.9 దాకా పడిపోతుంది. అందుకని ఫేసింగ్ చేయించాలి. ఎంత తీయాలో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉన్నది. మీకు కావలసిన పరిమాణం 24 సీసీ అయితే గదిలో సరిగ్గా 24 సీసీ నూనె పోసి, హెడ్డు ముఖం నుంచి నూనె మట్టం ఎంత లోతులో ఉన్నదో డెప్త్ గేజ్‌తో కొలవండి. ఆ లోతే లేత్‌షాపు వారికి చెప్పవలసిన అంకె.

ప్రశ్న: మా 1998 నాటి మారుతి 800 కారు హెడ్డు పాడైంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్, ఆల్టో కారు 12 వాల్వుల హెడ్డు దీనికి అచ్చంగా పడుతుందని, మైలేజీ, పికప్ రెండూ పెరుగుతాయని అంటున్నాడు. చేయించమంటారా?

జవాబు: వద్దు. ఆయన మాటలో సగం నిజం ఉన్నది. పాత 800లోని ఎఫ్8బి ఇంజన్‌కూ, 2000లో వచ్చిన ఆల్టోలోని ఎఫ్8డి ఇంజన్‌కూ బోరు 68.5, స్ట్రోకు 72 మిల్లీమీటర్లే, రెండూ మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్లే. పాతదానికి సిలిండరుకు రెండు వాల్వులు, కొత్తదానికి నాలుగు.

నిజం కాని సగం ఏమిటంటే, హెడ్డు ఒంటరిగా పనిచేయదు. ఆల్టో హెడ్డు ఫ్యూయల్ ఇంజెక్షన్‌ను దృష్టిలో పెట్టుకుని తయారైనది. మీ బండి కార్బురేటర్‌ది. దానికి ఇంజెక్టర్లు, ఎక్కువ ఒత్తిడితో పెట్రోలు పంపే విద్యుత్ పంపు, ట్యాంకు దాకా తిరుగు పైపు, కంప్యూటర్ పెట్టె, సెన్సర్లు, వాటన్నిటికీ వైరింగు కావాలి. మీ ఇంజన్‌లో మెకానికల్ పెట్రోలు పంపు, డిస్ట్రిబ్యూటర్ ఎక్కడి నుంచి తిరుగుతున్నాయో చూడండి. హెడ్డు మారితే వాటికి చోటు ఉంటుందా? పిస్టన్ తలలో రెండు వాల్వులకు ఉన్న వెసులుబాటు నాలుగు వాల్వులకు సరిపోతుందా? టైమింగ్ బెల్టు, దాని పుల్లీలు ఏ ఇంజన్‌వి వేయాలి? మీ మెకానిక్ ఈ మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసి ఇవ్వగలిగితే మళ్ళీ ఆలోచించవచ్చును. కార్బురేటర్‌నే ఏదో ఒక విధంగా ఆ హెడ్డుకు తగిలించి నడిపిస్తామంటే, నడుస్తుంది కాని మీకు వాగ్దానం చేసిన మైలేజీ రాదు.

ఆ ఖర్చులో మీ పాత హెడ్డుకే వాల్వు గైడ్లు, సీట్లు, సీళ్ళు కొత్తవి వేయించి, ఫేసింగ్ చేయించుకోవచ్చును. ఫేసింగ్ ఎంత తీశారో అడిగి రాసుకోండి. ఒక లెక్క చెబుతాను. 796ను మూడుతో భాగిస్తే సిలిండరుకు 265.3 సీసీ. మీ ఇంజన్ నిష్పత్తి 8.7 అనుకుంటే పైన మిగిలే ఖాళీ 34.5 సీసీ. 0.3 మిల్లీమీటర్లు తీసివేస్తే గది విస్తీర్ణం బోరంత ఉన్నదనుకున్నా తగ్గేది 1.1 సీసీ, నిష్పత్తి 8.9 దాటుతుంది. ఇది ప్రమాదం కాదు. కాని ప్రతిసారీ హెడ్డు వంగినప్పుడు మరికొంత, మరికొంత తీస్తూ పోతే ఎత్తు మీద వెళ్ళేటప్పుడు ఇంజన్ టకటకమని కొట్టడం మొదలవుతుంది. క్యామ్‌షాఫ్టు హెడ్డులోనే ఉండే ఇటువంటి ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజన్‌లో హెడ్డు కిందికి దిగితే క్యామ్ పుల్లీ కూడా క్రాంకు పుల్లీకి దగ్గరవుతుంది. బెల్టు టైమింగ్ ఆ మేరకు వెనక్కు జరుగుతుంది. 0.3 మిల్లీమీటర్లకు అది పట్టించుకోవలసినంత కాదు. 1 మిల్లీమీటరు దాటిన హెడ్డును మాత్రం నేను వాడను.

ప్రశ్న: ఖమ్మంలో ఉంటాను. రేడియేటర్‌లో నీళ్ళు లేకుండా నడిపినందువల్ల మా ఆల్టో హెడ్డు పగిలింది. అదే మోడలు పాత హెడ్డు ఒకటి పాత సామాన్ల దుకాణంలో దొరికింది. ఒకే మోడలు కాబట్టి అనుమానం లేకుండా వేయించుకోవచ్చా?

జవాబు: మోడలు ఒకటే అయినా దాని చరిత్ర మీకు తెలియదు. పాత సామాన్ల దుకాణానికి హెడ్డు చేరడానికి మామూలుగా రెండే కారణాలుంటాయి: కారు ప్రమాదంలో ముక్కలై ఉండాలి, లేదా మీ ఇంజన్ వలెనే వేడెక్కి ఉండాలి. మొదటిదయితే అదృష్టం.

దుకాణంలోనే చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఖచ్చితమైన ఉక్కు స్కేలును హెడ్డు ముఖం మీద పొడవునా, అడ్డంగా, ఐమూలగా పెట్టి, దాని కింద 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ ఆకు దూరుతుందేమో చూడండి. ఎక్కడా దూరకపోతే హెడ్డు సమంగా ఉన్నట్టే. దూరితే ఫేసింగ్ అవసరం. రెండు వాల్వు సీట్ల మధ్య ఉన్న సన్నని లోహపు వంతెనలో వెంట్రుక వంటి చీలికలు ఉన్నాయేమో గోరుతో గీరి చూడండి. వేడికి మొదట పగిలేది అక్కడే. నీటి రంధ్రాల చుట్టూ అల్యూమినియం తినివేసి గుంటలు పడి ఉంటే, గ్యాస్కెట్ రింగు ఆ గుంటల మీదికి వస్తుందేమో చూడాలి. వాల్వులను మూసి ఉంచి, పోర్టులలో (గాలి, పొగ దారులలో) కొంచెం కిరోసిన్ పోసి పది నిమిషాలు ఆగితే, సీటు సరిగా కూర్చోని వాల్వు దగ్గర తడి కనబడుతుంది.

వీటిలో నెగ్గినా డబ్బు చెల్లించే ముందు ప్రెషర్ టెస్టుకు ఇవ్వండి. నీటి మార్గాలన్నిటినీ మూసి, గాలి నింపి, వేడినీళ్ళలో ముంచితే బుడగలు వచ్చే చోటు చీలిక. చల్లగా ఉన్నప్పుడు బయటపడని చీలికలు వేడిలోనే బయటపడతాయి కనుక నీళ్ళు వేడిగా ఉండడం ముఖ్యం.

క్యామ్‌షాఫ్టును క్యాపులతో బిగించే రకం హెడ్డయితే ఆ హెడ్డుతో వచ్చిన క్యాపులనే, అదే క్రమంలో వాడాలి. హెడ్డూ క్యాపులూ కలిపి ఒకేసారి బోరు చేస్తారు. మీ పగిలిన హెడ్డు క్యాపులు కొత్తవిగా కనిపించినా ఇందులో వేయరాదు.

బిగించేటప్పుడు బ్లాకులోని బోల్టు రంధ్రాలలో నూనెగాని, నీళ్ళుగాని నిలిచి ఉంటే గాలి పైపుతో పూర్తిగా ఊదివేయించండి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ద్రవం ఉండగా బోల్టును బిగిస్తే ఆ ఒత్తిడి తప్పించుకునే దారి లేక బ్లాకునే చీల్చగలదు. బోల్టులను మధ్య నుంచి బయటికి, మూడు నాలుగు దఫాలుగా, తయారీదారు మాన్యువల్ ఇచ్చిన క్రమంలో, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. చేతి అంచనాతో బిగించే మెకానిక్‌లు అనుభవజ్ఞులే కావచ్చు, కాని ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్డు వేడెక్కినప్పుడు ఎక్కువగా వ్యాకోచిస్తుంది కాబట్టి ఒక బోల్టు బిగువు, ఇంకొకటి వదులు అన్న తేడా గ్యాస్కెట్ మీదనే పడుతుంది. అన్నిటికంటె ముందు, మీ బ్లాకు ముఖాన్ని కూడా అదే స్కేలుతో చూడండి. హెడ్డు పగిలేంత వేడి బ్లాకును వదిలిపెట్టి ఉండకపోవచ్చును.

ప్రశ్న: సికింద్రాబాదులో మా తాతగారి పెట్రోలు అంబాసిడర్ ఉన్నది, 1489 సీసీ ఇంజన్. ఇంగ్లండులోని బంధువు ఎంజీబీ కారు 1798 సీసీ హెడ్డు పంపుతానంటున్నాడు. రెండూ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్ అని చదివాను. పెద్ద ఇంజన్ హెడ్డు వేస్తే బలం పెరుగుతుంది కదా?

జవాబు: మీరు చదివింది సరైనదే. రెండూ బి-సిరీస్ కుటుంబమే, స్ట్రోకు కూడా రెండింటికీ 88.9 మిల్లీమీటర్లే. అంబాసిడర్ బోరు 73, ఎంజీబీ బోరు 80.26. కాని పైన బర్మింగ్‌హామ్ పాఠకునికి జరిగిన దానికి ఇక్కడ సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. ఎంజీబీ హెడ్డులోని గది 43 సీసీ దాకా ఉంటుంది. 1500 తరగతి హెడ్డు గది 38 ప్రాంతంలో ఉంటుంది. మీ ఇంజన్‌లో సిలిండరుకు 372 సీసీ. నిష్పత్తి 8.3 ఉన్నదనుకుంటే పైన ఖాళీ 51 సీసీ. గది 5 సీసీ పెరిగితే 56 అవుతుంది, నిష్పత్తి 7.6కు దిగుతుంది. పెద్ద వాల్వులు పెట్టి, కంప్రెషన్ తగ్గించిన బండి నగరంలో తక్కువ వేగాల దగ్గర ముందుకంటె మందంగా నడుస్తుంది. వాల్వుల అంచులకూ బోరు అంచుకూ మధ్య ఉన్న చోటును కూడా పైన చెప్పిన ప్లాస్టిసిన్ పద్ధతిలోనే చూడవలసి ఉంటుంది.

తాతగారి బండిని బలం కోసం మార్చడం ఎందుకన్నది నా అభిప్రాయం. దాని హెడ్డుకు గట్టి ఎగ్జాస్టు సీట్లు వేయించండి. మన దేశంలో 2000 నుంచి సీసం కలిపిన పెట్రోలు లేదు, అంతకు ముందరి హెడ్డయితే ఎగ్జాస్టు సీట్లు అరిగి, ట్యాపెట్ గ్యాపులు తరచు తగ్గిపోతూ ఉంటాయి. బంధువు ఉత్సాహాన్ని కాదనలేకపోతే ఆ హెడ్డుకు బదులు మంచి గ్యాస్కెట్ సెట్టు ఒకటి పంపమనండి.

ప్రశ్న: హెడ్డు మార్చితే ఆర్‌టీఓ కార్యాలయంలో చెప్పాలా? (రాజమహేంద్రవరం, నిజామాబాదు నుంచి ఇద్దరు పాఠకులు)

జవాబు: ఇంజన్ నంబరు సాధారణంగా బ్లాకు మీద చెక్కి ఉంటుంది, ఆర్‌సీలో నమోదయ్యేది అదే. అదే మోడలు హెడ్డును మరమ్మతులో భాగంగా మారిస్తే నంబరు మారదు, సీసీ మారదు, ఇంధనం మారదు కనుక నమోదు వివరాలలో తేడా ఏమీ రాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా ఆర్‌సీ వివరాలు మారిపోయేటట్టు వాహనాన్ని మార్చరాదని అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనును కచ్చితంగా పాటించాలని చెప్పింది. కార్బురేటర్ బండికి ఇంజెక్షన్ హెడ్డు, కంప్యూటర్ పెట్టె తగిలించడం మరమ్మతు కిందికి వస్తుందని వాదించడం కష్టం. బ్లాకుతో సహా ఇంజన్ మొత్తాన్ని మార్చదలచుకుంటే పని మొదలుపెట్టక ముందే ఆర్‌టీఓ అనుమతి తీసుకుని, తరువాత కొత్త నంబరును ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. పాత ఇంజన్ కొన్నచోట దాని అసలు బండి ఆర్‌సీ నకలు, అమ్మకపు రసీదు తప్పక అడిగి తీసుకోండి, ఆ కాగితాలు లేని ఇంజన్ దొంగ బండిది కాదని నిరూపించవలసిన భారం మీ మీద పడుతుంది.

బ్రిటన్‌లోని పాఠకునికి ఒక మాట. అక్కడ కూడా నమోదు పత్రంలో ఉండేది ఇంజన్ నంబరే కాబట్టి హెడ్డు మార్పుకు పత్రం మార్చవలసిన పని లేదు. కాని బీమా సంస్థకు మాత్రం ఈ మార్పును రాతపూర్వకంగా తెలియజేయండి. తెలియజేయని మార్పును కారణంగా చూపి వారు క్లెయిమును నిరాకరించే అవకాశం ఉన్నది.